సున్నం కింద ఎరుపు

"నంబర్లేవి?"

సర్వేయర్ దుర్గాప్రసాద్ అడిగిన ఈ ఒక్క ప్రశ్నతో గుల్షన్‌కి తను చేసిన పొరపాటు తెలిసొచ్చింది.

ఆయన అడిగింది నాలుగు నెలల క్రితం ఆఫీసు వాళ్ళు వచ్చి బందరు కాలువ గట్టు మీద ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఎర్ర పెయింటుతో వేసి వెళ్ళిన నంబర్ల గురించి. గట్టు జనానికి సర్కారు నుంచి అందిన మొదటి గుర్తింపు అదే. రేషన్ కార్డుల్లేవు. ఓటరు లిస్టులో పేర్లు లేవు. పెద్దవాళ్ళు దివిసీమ తుపానులో కాగితాలతో సహా అన్నీ పోగొట్టుకుని కట్టుబట్టలతో వచ్చి ఇక్కడ వాలారు. పిల్లలు ఇక్కడే పుట్టారు. పుట్టారని ఎక్కడా ఎవరూ రాయలేదు. నంబరున్న ఇంటికి స్లిప్పు ఇస్తారు. స్లిప్పుంటే కార్డు, కార్డుంటే మిగతావన్నీ. నంబరు లేని ఇల్లు కాలువ బాగుచేసే రోజున బుల్డోజరు కిందికి పోతుంది.

సరిగ్గా ఆ నంబర్ల మీదే గుల్షన్ సున్నం వేయించింది.

టీవీ కోసం!

పంతొమ్మిదేళ్ళ గుల్షన్‌కి టీచర్ కావాలని కోరిక. నివాసం రుజువు లేదని ట్రైనింగ్ అప్లికేషన్ రెండుసార్లు వెనక్కొచ్చింది. ఏడుస్తూ కూర్చోకుండా గట్టు మీది ఇద్దరు స్నేహితుల్ని కూడగట్టింది. వన్ టౌన్‌లో సైన్‌బోర్డులు రాసే షాపులో పనిచేసే ఉష ఒకరు. పెళ్ళి వీడియోలు తీసేవాడి దగ్గర అసిస్టెంటు షబ్బీర్ ఇంకొకడు. ముహూర్తాల్లేని రోజుల్లో యజమాని కెమెరా షబ్బీర్ భుజమెక్కి గట్టుకి వచ్చేది. ప్రతి గురువారం సాయంత్రం లోకల్ కేబుల్ చానల్లో అరగంట 'గట్టు కబుర్లు' వచ్చేవి. ఈ గురువారం మాత్రం గంట. గోడల నిండా బొమ్మలు వేసి, పత్రికల వాళ్ళని పిలిచి, పాటలు పాడి, "మేం ఇక్కడున్నాం" అని బెజవాడ మొత్తానికి చూపించాలని ప్లాను. బొమ్మలకి తెల్లగోడ కావాలి. పది రోజుల కిందట గట్టంతా సున్నం కొట్టారు.

నంబర్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఇప్పుడు గురువారం ఉదయం తొమ్మిదిన్నర.

"వెరిఫికేషన్ వచ్చే బుధవారం అన్నారు కదండీ?" గుల్షన్ అడిగింది.

"మార్చారమ్మా. సాయంత్రం మీ ప్రోగ్రాం చూసి జనం పోగైతే పని సాగదని, ఇవాళే ముగించమన్నారు. ఒంటిగంటకి రిజిస్టర్ మూసి సంతకం పెట్టాలి." దుర్గాప్రసాద్ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. యాభై దాటిన మనిషి. ముఖంలో విసుగుంది కానీ కోపం లేదు. "మా ఆవిడ మీ కబుర్లు వారం వారం చూస్తుంది. అయినా ఏం లాభం? తెల్ల గోడకి నేనేం టిక్కు పెట్టను?"

"రిజిస్టర్లో పేర్లుంటాయిగా సార్. మీరు పేరు పిలవండి, ఇల్లు మేం చూపిస్తాం."

ఆయన రిజిస్టర్ ఆమె వైపు తిప్పాడు. "చదువు."

నంబరు. పొడవు. వెడల్పు. కొలతలన్నీ ఇంచుమించు ఒకటే. ఆ తర్వాత 'పేరు' అన్న గడి పేజీ పై నుంచి కింది దాకా ఖాళీ.

"పేర్లెందుకు రాయలేదండీ?"

"పేరు రాయాలంటే రుజువు కాగితం చూపించాలి. మీలో ఒక్కళ్ళ దగ్గరైనా ఉందా?"

ఉష పక్కకి తిరిగి నవ్వింది. అది నవ్వులా లేదు.

"పోనీ వరసగా లెక్కపెట్టుకుంటూ పోతే?" షబ్బీర్ కెమెరా వెనక నుంచే అడిగాడు.

"వరసెక్కడిదయ్యా! రెండు బ్యాచ్‌లు చెరో చివర నుంచీ వచ్చి, ఎవరికి దొరికిన నంబరు వాళ్ళు వేసుకుంటూ పోయారు. పదకొండు పక్కన ఎనభై రెండు. దాని పక్కన ఐదు."

"మా నంబర్లు మాకు తెలుసు కదండీ," అన్నాడు జనంలోంచి రిక్షా తొక్కే రత్తయ్య.

"తెలుసా? సరే. తొమ్మిది ఎవరిది?"

నాలుగు చేతులు లేచాయి.

"నాదేనండి," రత్తయ్య ఛాతీ విరిచాడు. "మా అయ్యకి కలిసొచ్చిన నంబరు."

"నీది అరవై మూడు రా సన్నాసీ, నేను చదివాను," అన్నారెవరో వెనక నుంచి.

"నీకు చదువెప్పుడొచ్చింది బే?"

అంత కంగారులోనూ జనం గొల్లుమన్నారు. దుర్గాప్రసాద్ నవ్వలేదు.

"చూశావా అమ్మాయ్? నోటిమాట రాసుకుంటే రేపు ఎవడో బయటివాడొచ్చి అరవై మూడు నాదంటాడు. కాదనడానికి నా దగ్గరేముంది? గోడ మీద నంబరు కనబడితే అదే రుజువు, టిక్కు పెడతా, పేరు రాస్తా, స్లిప్పు ఇస్తా. కనబడకపోతే నేను చేసేదేం లేదు."

గుల్షన్ గట్టు పొడవునా చూసింది. వందకి పైగా ఇళ్ళు. అన్నీ తెల్లగా, ముచ్చటగా, బొమ్మలతో కళకళలాడుతూ... ఎంత శ్రద్ధగా తుడిచేసింది! ఎవరూ తిట్టడం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

అప్పుడొచ్చింది సంపూర్ణమ్మ.

డెబ్బై ఏళ్ళుంటాయి. తెల్లారకుండా కొల్లేటి చేపలు ఎత్తుకుని వీధులు తిరిగి, పది గంటలకల్లా ఖాళీ సత్తు బేసిన్‌తో ఇల్లు చేరుతుంది. దారిలో ఏ గోడ కనబడితే ఆ గోడకేసి బేసిన్‌లో మిగిలిన ఐసు నీళ్ళు కొట్టడం ఆమె అలవాటు. ఆ అలవాటు మీద గట్టంతా ఎన్నిసార్లు గొడవపడిందో లెక్కలేదు.

"జరగండి సారూ, చేప నీళ్ళు! చొక్కా కంపు కొడితే ఇంట్లో ఆవిడ రానివ్వదు," అంటూనే బేసిన్ ఊపింది.

నీళ్ళు వెళ్ళి రత్తయ్య గోడ మీది నెమలి మెడకి తగిలాయి.

"మామ్మా!" ఉష కీచుమంది. "బొమ్మ! సగం రాత్రి కూర్చుని వేశానే దాన్ని!"

"ఏం బొమ్మే? రత్తయ్య ఇంటికి నెమలెందుకే, కోడి చాలదూ?"

ఉష గోడనే చూస్తోంది. నెమలి మెడ జారిపోతోంది. నీలం కింద తెలుపు తడిసి పల్చబడింది. ఆ తెలుపు లోపల నుంచి, పాలలో కుంకుమ పడ్డట్టు, ఏదో ఎర్రగా పైకి తేలుతోంది.

ఉష ఒక్క దూకున వెళ్ళి అరచేత్తో రుద్దింది. సున్నం పెచ్చులుగా చేతికి వచ్చేసింది.

ఆరు. దాని పక్కన మూడు.

"అరవై మూడు!" రత్తయ్య నోరు తెరిచాడు. "అయితే తొమ్మిది నాది కాదన్నమాట."

"ఆయిల్ పెయింటు!" ఉష ఎగిరి గంతేసింది. "గుల్షన్, వాళ్ళు వేసింది ఆయిల్ పెయింటు! దాని మీద సున్నం పట్టదు. జిగురు కలపకుండా ఉత్త సున్నం కొట్టాం కదా, నీళ్ళు పోసి రుద్దితే వచ్చేస్తుంది. అన్నీ ఉన్నాయి! కింద అన్నీ అలాగే ఉన్నాయే!"

గట్టంతా ఒక్క అరుపు అరిచింది. దుర్గాప్రసాద్ కళ్ళజోడు సవరించుకుని, గోడ దాకా వెళ్ళి, వేలితో అంకెని తాకి చూసి, పెన్ను తీశాడు. అరవై మూడు ఎదురుగా మొదటి టిక్కు పడింది. పేరు గడిలో, తుపాను వచ్చిన ఇరవై నాలుగేళ్ళ తర్వాత, రత్తయ్య పేరు ఎక్కింది.

ఆ సంతోషం సరిగ్గా ఒక నిమిషం నిలిచింది.

ముందుగా అర్థమైంది ఉషకే. నెమలికి మెడ లేదు. గుమ్మం పక్కనే, మనిషి ఛాతీ ఎత్తులో, సరిగ్గా బొమ్మ నడుమ భాగంలో ఉన్నాయి నంబర్లన్నీ. పొడి రంగుల్ని గంజిలో కలిపి వేసిన బొమ్మలు. నీళ్ళు తగిలితే రంగూ పోతుంది, సున్నమూ పోతుంది.

"సాయంత్రం ఐదింటికి టీవీ," అంది ఉష నెమ్మదిగా. "పత్రికల వాళ్ళు నాలుగింటికే వస్తారు. ఏం చూపిస్తాం? మెడల్లేని నెమళ్ళా?"

"సార్, సాయంత్రం ప్రోగ్రాం అయ్యాక కడుగుతాం. రేపు పొద్దున్న..." గుల్షన్ అడగబోయింది.

"ఒంటిగంట," అన్నాడు దుర్గాప్రసాద్. "నా చేతుల్లో లేదమ్మా."

టైము పదీ పది. జనం గుల్షన్ వైపు చూస్తున్నారు. సున్నం వేద్దామన్నది ఆమే. బొమ్మలు వేద్దామన్నది ఆమే. ఇప్పుడు చెరిపేయమని కూడా ఆమే చెప్పాలి. చెప్పాల్సింది ఉషతో. రాత్రుళ్ళు షాపు నుంచి వచ్చి, లాంతరు పెట్టుకుని, ఇరవై మూడు గోడలు ఒంటిచేత్తో నింపిన ఉషతో.

"ఉషా..."

"నువ్వు చెప్పకు. నువ్వు చెబితే ఏడుపొస్తుంది."

ఉష బకెట్ తీసుకుంది. సరాసరి తన ఇంటికే వెళ్ళింది. అన్నిట్లోకీ మంచి బొమ్మ ఆ గోడ మీదే ఉంది. ఒక పెద్ద పడవ, పడవ నిండా గట్టు పిల్లలు. పద్దెనిమిది ముఖాలు, ఎవరి ముఖం వాళ్ళదే, చూడగానే పేరు పెట్టి పిలవొచ్చు. ఉష ఒక్క క్షణం నిలబడింది. తర్వాత బకెట్ ఎత్తి పడవ నడుమకి కొట్టింది.

పద్దెనిమిది ముఖాలూ జారిపోయాయి. ముప్ఫై ఒకటి తేలింది.

"చూస్తారేం? తెండి నీళ్ళు!" అని అరిచింది, ముక్కు ఎగబీలుస్తూ.

అంతే. గట్టు కదిలింది. బిందెలు, బకెట్లు, నూనె డబ్బాలు, చేతికి ఏది దొరికితే అది కాలువలో ముంచుకొస్తున్నారు. ఆడవాళ్ళు కొబ్బరి పీచు పట్టుకుని గోడల మీద పడ్డారు. రత్తయ్య రిక్షాలో నీళ్ళ డ్రమ్ము ఎక్కించి, "అడ్డం లేవండి, అరవై మూడు వస్తున్నాడు," అని కేకలేస్తూ గట్టు పొడవునా తొక్కాడు. నీలం, పసుపు, ఎరుపు కలిసిన నీళ్ళు కాళ్ళ మధ్య నుంచి పారి కాలువలో కలుస్తున్నాయి. పిల్లల మోకాళ్ళ దాకా రంగులు. సాయంత్రానికని తెచ్చిన డప్పుని ఎవరో ఆగలేక ఇప్పుడే మొదలెట్టారు. ఒక్కో నంబరు బయటపడినప్పుడల్లా ఒక దరువు, ఒక అరుపు.

"ఇరవై ఎనిమిది!"

"నూట నాలుగు!"

"ఐదు! ఒరేయ్, మాది ఐదంట!"

తలుపు తీసి ఉన్న ప్రతి ఇంటి ముందూ దుర్గాప్రసాద్ ఆగుతున్నాడు, చూస్తున్నాడు, పేరు అడిగి రాస్తున్నాడు, స్లిప్పు చింపి ఇస్తున్నాడు. ఆయన తెల్ల చొక్కా మీద ఎవరిదో నెమలి రంగు చిందింది. గమనించలేదో, గమనించి ఊరుకున్నాడో! స్లిప్పు అందుకున్న ముసలాళ్ళు దాన్ని తడి చేతుల్తో పట్టుకోవాలా వద్దా అని గాభరా పడుతున్నారు. సంపూర్ణమ్మ మాత్రం తన నలభై ఏడు నంబరు స్లిప్పుని మడిచి రవికెలో దోపుకుని, "చేపల కంపుకి ఎలకలు కూడా ముట్టవు," అంది.

షబ్బీర్ కెమెరా కన్ను మీంచి తీయడం లేదు. గుల్షన్ పక్కకొచ్చి, "ఐదింటికి ఏం వేద్దాం?" అనడిగితే కోపంగా చూశాడు.

"కళ్ళు కనబడట్లేదా? బొమ్మల కంటే ఇది బాగుంది. ఇదే వేస్తాం. మొత్తం ఇదే. నువ్వు జరుగు, ఫ్రేములో పడుతున్నావు."

గుల్షన్ నవ్వింది. ఆ పొద్దుట్నించీ అదే మొదటి నవ్వు.

పన్నెండూ నలభైకి చివరి స్లిప్పు చిరిగింది. దుర్గాప్రసాద్ గట్టు చివర అరుగు మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగి, పేజీలన్నీ వెనక్కి తిప్పి మళ్ళీ లెక్క చూసుకున్నాడు.

"నూట పన్నెండు. ఒక్కటీ పోలేదు. నేను ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రంగా ముగిసిన రిజిస్టర్ చూడలేదమ్మా. ఇక సంతకం పెడతాను."

"సార్, మా ఇల్లు ఇంకా కాలేదండీ," అంది గుల్షన్. "అందరివీ అయ్యాక చివర్న అనుకున్నాం."

"మీ ఇల్లా?" ఆయన మళ్ళీ పేజీలు తిప్పాడు. "రిజిస్టర్లో ఉన్నవి నూట పన్నెండే. నూట పన్నెండూ అయిపోయాయిగా?"

డప్పు ఆగింది.

గుల్షన్‌కి ఆ మాట అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నంబర్లయిపోయాయి. ఇల్లు మిగిలింది.

"లేదండీ, మా గోడకి నంబరుంది. నేను చూశాను. వాళ్ళు వేసిన రోజు నేను కంకిపాడులో ఉన్నాను. అంకె గుర్తు లేదు గానీ మర్నాడొచ్చి చూశాను. ఎర్రగా, ఇదే చోట..." ఆమె గబగబా తన ఇంటి వైపు నడిచింది. వెనకే జనం.

గుమ్మం పక్కన, సరిగ్గా నంబరు ఉండాల్సిన చోట, గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది తల్లి కరీమున్నీసా. వన్ టౌన్‌లో పప్పుల గోడౌన్లో చెరిగే పని ఆమెది. ఇవాళ కూతురి ప్రోగ్రాం కోసం సెలవు పెట్టుకుంది. పొద్దున్నించీ అందరి గోడలూ కడిగింది. తన గోడ మాత్రం, "తర్వాతలే," అంటూ వచ్చింది.

"అమ్మీ, జరుగు."

"ఇప్పుడెందుకు బేటీ? సారుకి ఆలస్యమవుతుంది..."

"అమ్మీ!"

కరీమున్నీసా జరిగింది. ఉష నీళ్ళు కొట్టి పీచుతో రుద్దింది. సున్నం ఊడింది.

నాలుగు. ఏడు.

"నలభై ఏడు!" అన్నాడు రత్తయ్య ఉత్సాహంగా. తర్వాత నాలిక కరుచుకున్నాడు.

దుర్గాప్రసాద్ రిజిస్టర్లో వేలు పెట్టాడు. "నలభై ఏడు. సంపూర్ణమ్మ. టిక్కయింది. స్లిప్పు కూడా ఇచ్చేశాను."

ఉష అంకెల దగ్గరికి ముఖం పెట్టి చూసింది. బోర్డులు రాసే పిల్లకి బ్రష్ గీత తెలుసు. ఇది బ్రష్ గీత కాదు. గుడ్డపీలిక ముంచి, వణుకుతూ లాగిన గీత. ఆమె పీచు దింపి పక్కకి తప్పుకుంది. గుల్షన్‌కి అది చాలు.

తల్లి ఆమె చెవి దగ్గర, గాలి ఊదినంత నెమ్మదిగా మాట్లాడింది.

"ఆ రోజు గోడౌన్ నుంచి వచ్చేసరికి అందరి గోడలకీ ఎర్ర గుర్తుంది. తాళం వేసి ఉందని మన ఇంటికి వెయ్యలేదు. అందరికీ ఒకటే గుర్తు అనుకున్నాను బేటీ. గుర్తున్న ఇల్లు ఉంటుంది, లేనిది పోతుంది, అంతే అనుకున్నాను. వాళ్ళు పారేసిన డబ్బాలో అడుగున కొంచెం ఉంది. సంపూర్ణమ్మ గోడ చూసుకుంటూ, గీతకి గీత... ఒక్కో ఇంటికి ఒక్కో రకం అని నాకెవరు చెప్పారు?"

చదువు రాని మనిషి. నూట పన్నెండు గోడల మీద నూట పన్నెండు రకాల గీతలుంటే, అన్నీ ఒకటే దీవెన అనుకుంది.

"రెండిట్లో ఒకటి దొంగ నంబరు," అన్నాడు దుర్గాప్రసాద్. ఇప్పుడాయన గొంతులో పొద్దుటి మెత్తదనం లేదు. "ఏది దొంగదో తేలకపోతే రెండూ కొట్టేయాలి. రూలు అది. ఎవరు వేశారు?"

"నేనే," అంది సంపూర్ణమ్మ.

అందరూ తిరిగి చూశారు. ముసలామె రవికెలోంచి స్లిప్పు తీసి ఆయన ముందు పెట్టింది.

"నాదే సారూ దొంగది. ఆ రోజు కొల్లేరు వెళ్ళాను. ఇంటికి తాళం. వచ్చి చూస్తే నంబరు లేదు. ఈ పిల్ల గోడ చూసి వేసుకున్నాను."

"నీకు రాయడం వచ్చా?"

"నాలుగూ ఏడూ వచ్చు. చేపల తూకానికి అవి చాలవూ?"

ఆమె గుల్షన్ వైపు చూడనే లేదు. కరీమున్నీసా వైపూ చూడలేదు. బేసిన్ చంకన పెట్టుకుని, ఎండలో, రంగునీళ్ళలో నిలబడి ఉంది. పన్నెండూ యాభై రెండు.

గుల్షన్ ఏమీ అనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. స్లిప్పు వస్తుంది. కార్డు వస్తుంది. మూడోసారి అప్లికేషన్ వెనక్కి రాదు. గట్టు మీద ఒక్కరూ తప్పుపట్టరు, సంపూర్ణమ్మతో సహా. వేసవిలో కాలువ బాగుచేసే రోజున మాత్రం ఈ ముసలామె గోడ ఉండదు.

షబ్బీర్ కెమెరా మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఐదింటికి ఊరంతా చూడబోయే క్యాసెట్ అది.

"షబ్బీర్," అంది గుల్షన్. "ఇటు తిప్పు. నా వైపు."

కరీమున్నీసా కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "వద్దు బేటీ. నీ ట్రైనింగ్..."

గుల్షన్ ఆ చేతిని విడిపించుకోలేదు. అలాగే పట్టుకుని, తల్లితో సహా ఒక అడుగు ముందుకి వేసింది.

"సార్. ఆ నంబరు వేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు."

దుర్గాప్రసాద్ పెన్ను మూత తీశాడు. తలెత్తి ఆమెని, ఆమె మణికట్టు మీది తల్లి చేతిని చూశాడు.

"చెప్పేముందు ఆలోచించుకో అమ్మాయ్," అన్నాడు. "ఒకసారి నీ నోటి నుంచి వస్తే, నేను రాయక తప్పదు. రాసింది కొట్టేయడం నా వల్ల కాదు."

గుల్షన్ కెమెరాలోకి సూటిగా చూసి, "మా గోడ మీదిదే దొంగ నంబరు సార్, రాసుకోండి," అంది.